శనివారం బస్సులో డిస్కు

మిర్యాలగూడ,
సోమవారం

ప్రియమైన అక్కకు, తమ్ముడు సాంసన్ వందనాలు.

శనివారం డిస్కుతో రావలసిన ఉత్తరం సోమవారమే వచ్చిందేమిటని కంగారు పడతావని తెలుసు. ఫోన్‌లో చెబుదామని నాలుగుసార్లు నీ నంబరు నొక్కి పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

నిన్న పెళ్లి వీడియో తీయడానికి వాడపల్లి వెళ్లాను. వేములపల్లి జంట, వచ్చే నెల పెళ్లి. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట పైనుంచి డ్రోన్‌తో తీస్తే అదిరిపోతుందని వాళ్లను ఊరించింది నేనే. వాళ్లు నీళ్ల పక్కన చేతులు పట్టుకుని నిలబడ్డారు. నేను డ్రోన్‌ను మూసీ వైపు తిప్పాను. తెర మీద ఇసుక ట్రాక్టర్, దాని ముందు చేతులు చాపి అడ్డంగా నిలబడ్డ ఒక మనిషి కనపడ్డారు. ఆయన పేరు రాందాస్ అని తర్వాత తెలిసింది. కౌలు రైతు. ఏట్లో ఇసుక తోడేస్తుంటే బోరు ఎండిపోయిందని గొడవకు పోయాడట.

ట్రాక్టర్ దిగింది ఉమేష్, అక్కా. ఇసుక బళ్లు నడిపిస్తాడే, పోయినేడు వాళ్ల చెల్లెలి పెళ్లి ఆల్బం మన దగ్గరే చేయించాడు, ఆ ఉమేష్. చేతిలో ఇనుప రాడ్డు. మొదటి దెబ్బ మోకాళ్ల మీద కొట్టాడు. మనిషి కూలబడ్డాక తల మీద కొట్టాడు. పక్కనున్న ఇద్దరు పారలు తిరగేసి వీపు మీద కొట్టారు. అంతటితో ఆగలేదు. ట్రాక్టర్ ఎక్కి ఆయన మీదుగా పోనిచ్చాడు, మళ్లీ వెనక్కి తెచ్చాడు. డ్రోన్‌కు శబ్దం పట్టదు కదా, అంతా చప్పుడు లేకుండా జరిగింది. పక్కన పెళ్లికూతురు మాత్రం "అన్నా, ఎట్లొచ్చింది?" అని అడుగుతున్నది.

జంటను బండెక్కించి పరుగెత్తుకొచ్చాను. ట్రాక్టర్ రివర్స్‌లో తగిలి చనిపోయాడని స్టేషన్‌లో రాసుకున్నారట. షాపులోకి రాగానే అలవాటు కొద్దీ కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టేశాను. ఇప్పటికి ఆ వీడియో నీ కంప్యూటర్‌లోకీ, కోదాడలో కృపాకర్ బావ కంప్యూటర్‌లోకీ వచ్చేసి ఉంటుంది. తెరవకు. తెరిస్తే అన్నం సహించదు.

ఏం చేయాలో చెప్పు.

నీ సాంసన్

*

సూర్యాపేట,
బుధవారం

ఒరేయ్ సాంసన్, నా బంగారు తమ్ముడూ,

తెరవొద్దంటే తెరవకుండా ఉంటానా? తెరిచాను. షాపు వెనక్కి పోయి కక్కుకున్నాను. ఆ ఉమేష్ మొహం ఎంత స్పష్టంగా వచ్చిందంటే, చెల్లెలి ఆల్బంలో నవ్వుతూ నిలబడ్డ మొహం పక్కన పెడితే చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. వాడి చేతులు పడిపోను.

ముందు నువ్వు వణకడం ఆపు. వీడియో మూడు ఊళ్లలో ఉంది. గుర్తుందా, కోదాడ కంప్యూటర్ కాలిపోయి ఒక పెళ్లి మొత్తం పోతే, ఆ పెళ్లికూతురు తండ్రి వచ్చి మీ బావ కాలర్ పట్టుకున్నాడు. ఆ రోజే కదా మీ బావ పంతం పట్టి మన మూడు షాపుల కంప్యూటర్లనూ నెట్‌లో కలిపింది. ఒకచోట ఫైలు పెడితే మూడుచోట్లా ఉంటుంది, ఒక కంప్యూటర్ చచ్చినా మిగతా రెండు బతికుంటాయి. తర్వాత వైరస్ వచ్చి మూడింటినీ ఒకేసారి తినేసింది. ఒకచోట తుడిచిపెట్టుకుపోతే మూడుచోట్లా పోతుందని అప్పుడు తెలిసింది మన మొద్దు బుర్రలకు. అప్పటి నుంచే ఏ వైరుకూ తగిలించకుండా బియ్యం డబ్బాలో డిస్కు, ప్రతి శనివారం నీ దగ్గర్నుంచి బస్సులో రావడం, వారం మధ్యలో మళ్లీ నీకు పంపడం. డ్రోన్ క్లిప్పులు చోటు చాలక డిస్కులో వేయం కాబట్టి ఈ వీడియోకు ఆ మూడు కంప్యూటర్లే దిక్కు. నువ్వు దేన్నీ ముట్టుకోకు.

మన చర్చిలో పాడుతుందే, వకీలు జ్యోత్స్న, ఆమెకు చెప్పాను. స్టేషన్‌కు ఇస్తే ఎక్కడికి పోతుందో తెలియదు, సోమవారం నేరుగా కోర్టులో పెడదామంది. అప్పటిదాకా వేరే కాపీ తీయొద్దు, ఎవరి చేతిలోనన్నా పడితే ప్రాణాలకే ముప్పు అంది. రాందాస్ భార్య రేణుకమ్మను కూడా తీసుకొచ్చింది. న్యాయం అడిగినందుకు ఉమేష్ మనుషులు ఆమెను జుట్టు పట్టి ఈడ్చారట. నెత్తిన పుండు ఇంకా ఆరలేదు. వీడియో ఉందని చెబితే నా చేయి పట్టుకుని వదల్లేదు. సోమవారం దాకా నోరు మూసుకుని ఉండు, అంతే.

నీ అక్క,
దీవెన

*

మిర్యాలగూడ బస్టాండు,
శనివారం పొద్దున

ప్రియమైన అక్కకు,

పార్సిల్ కౌంటర్ దగ్గర నిలబడి రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకు. నిన్న ఉమేష్ మనుషులు వచ్చారు. డ్రోన్ తిప్పుతుంటే ఎవరో చూసి చెప్పారట. షట్టర్ దించి నన్ను నేల మీద పడేసి తన్నారు. ముందు పన్ను ఊడింది. డ్రోన్, ఫోన్ తీసుకున్నారు. కార్డును చెప్పు కింద వేసి పొడి చేశారు. ఇంకెక్కడన్నా ఉందా అని గొంతు మీద కాలు పెట్టి అడిగారు. కంప్యూటర్‌లో ఎక్కించనే లేదని దేవుడి మీద ఒట్టేశాను. ఆయన నన్ను క్షమించాలి.

నమ్మినట్టే పోయారు. కానీ మన ఆల్బం అట్ట వెనక మూడు ఊళ్ల అడ్రసులూ అచ్చేసి ఉంటాయి కదా, అదే నా భయం. బావను జాగ్రత్తగా ఉండమను.

డిస్కు పంపుతున్నాను. ఇందులో వేములపల్లి వాళ్ల ఎంగేజ్‌మెంట్ తప్ప ఏమీ లేదు. ఎప్పటిలాగే బియ్యం డబ్బాలో పెట్టెయ్, తెరవకు. బస్సు వాళ్లు పిలుస్తున్నారు.

సాంసన్

*

సూర్యాపేట దవాఖాన,
మంగళవారం

సాంసన్,

ప్రియమైన అని రాయడానికి చేయి రాలేదు.

శనివారం పొద్దున వాళ్లు కోదాడలో మీ బావ షాపులో దూరారు. పక్కన టీ కొట్టు మంగమ్మ సుత్తి దెబ్బలు మొదలయ్యేదాకా చూసి, భయపడి పారిపోయింది. రావడం రావడమే గొడ్డలితో కంప్యూటర్‌ను ముక్కలు చేశారు. ఆ తర్వాత ఆయన చేతిని కౌంటర్ మీద పెట్టించి, ఇంకెక్కడుందో చెప్పమని సుత్తితో ఒక్కో వేలూ కొట్టారు. కుడిచేతివి అన్నీ పోయాయి. ఎడమచేతివి రెండు. చివరికి దవడ మీద తన్ని పోయారు. దవడ విరిగితే తీగతో కట్టారు, ఆయన మాట్లాడలేడు, రాసి చూపించడానికి వేళ్లూ లేవు. కెమెరా పట్టుకునే చేయి అది. కట్లలోంచి నల్లబడ్డ గోళ్లు కనపడుతుంటే చూడలేక గోడ వైపు తిరిగి కూర్చుంటున్నాను.

ఇప్పుడు నేను అడిగేది విను. అదే పూట నా కంప్యూటర్‌లో వాడపల్లి ఫోల్డరు నా కళ్ల ముందే మాయమైంది. మొదట కోదాడలో వాళ్లు తుడిచేశారేమో అనుకున్నాను. మంగమ్మ చెప్పాక బుర్ర తిరిగింది. వాళ్లు కోదాడ కంప్యూటర్‌ను ముందే పగలగొట్టారు. పగిలిన కంప్యూటర్ దేన్నీ తుడవలేదురా. పగిలితే ఆ ఒక్క కాపీ పోతుంది, నా దగ్గరది ఉండాలి. నా దగ్గరది పోయిందంటే బతికున్న కంప్యూటర్ మీద కూర్చుని ఎవరో తుడవాలి. నేను తుడవలేదు. మిగిలింది నువ్వు.

అక్కడ మీ బావ వేళ్లు విరుగుతుంటే మిర్యాలగూడలో నువ్వు వాళ్లకు సలాం కొట్టి తుడిచి పెట్టావు. నిన్న కోర్టు ముందు రేణుకమ్మ నా మొహంలోకి చూసి, "వీడియో ఉందంటివి గదమ్మా" అని ఒక్క మాట అన్నది. తల కొట్టేసినట్టయింది. నిన్ను చంకనేసుకుని పెంచాను. ఆ చేతులతోనే రాస్తున్నాను, నువ్వు నా తమ్ముడివి కాదు.

దీవెన

*

మిర్యాలగూడ,
గురువారం

అక్కా,

కాదన్నా నువ్వు నాకు అక్కవే.

తుడిచింది నేనే. శనివారం బస్టాండు నుంచి వచ్చేసరికి ఇద్దరు షాపులో కూర్చుని ఉన్నారు. ఒకడు వేటకొడవలి నా మెడ మీద ఆనించాడు, కోసుకుని రక్తం చొక్కాలోకి కారింది. రెండోవాడు వీడియో కాల్ పెట్టి ఫోన్ తెర నా మొహానికి చూపించాడు. అందులో బావ. కౌంటర్ మీద ఆయన చేయి, చేయి అనే గుర్తే లేదు. పక్కన ఉమేష్ సుత్తి పట్టుకుని నవ్వుతున్నాడు. బావే మాట్లాడాడు.

"సాంసనూ, తుడిచెయ్. గాడ తుడిస్తే మూడు దిక్కులా పోతది. ఇగ ఖతం చెయ్."

నేను తుడిచాను. చెత్తబుట్టలోంచి కూడా తీసేయించారు. మూడుచోట్లా పోయిందని నమ్మాకే వాళ్లు ఫోన్ పెట్టేశారు. లేకపోతే తర్వాత వచ్చేది సూర్యాపేటకు, నీ దగ్గరికి. బావ ఇక తట్టుకోలేక లొంగిపోయాడనుకున్నాను, ఎవరు మాత్రం తట్టుకుంటారు.

ఆనాటి నుంచి వాళ్ల మనిషి ఒకడు నా షాపులోనే కూర్చుంటున్నాడు. ఏ కాగితం కనపడినా లాక్కుని చదువుతున్నాడు. నీ ఉత్తరం షాపుకు కాక చర్చి పాస్టరు యోహానయ్య పేరు మీద రావడం మంచిదైంది. ఇదీ చర్చిలోనే కూర్చుని రాస్తున్నాను, ఆయనే బస్సెక్కి తెచ్చి నీ చేతిలో పెడతాడు.

ఇప్పుడు లేచి ఇంటికి పో. బియ్యం డబ్బాలో చేయి పెట్టు.

శుక్రవారం వాళ్లు తన్ని పోయాక, నోట్లో రక్తం ఉమ్ముకుంటూ ఆ వీడియోను డిస్కులోకి ఎక్కించాను. డ్రోన్ క్లిప్పులు వేయకూడదన్న మన రూలు మొదటిసారి తప్పాను. ఎంగేజ్‌మెంట్ ఫోల్డరు లోపల ఉంటుంది. పార్సిల్ ఎవరన్నా విప్పినా డిస్కు మీదికి అనుమానం పోకూడదని ఉత్తరంలో అట్లా రాశాను. వాళ్లు మూడు కంప్యూటర్లనూ తుడిపించారు. బియ్యంలో ఉన్నదానికి ఏ వైరూ లేదు, దాన్ని తుడవమని ఎవరు చెబుతారు?

చోటు చాలక ఒక పాత పెళ్లి తీసేశాను. అది నీదీ బావదీ. అది ఆ డిస్కులో తప్ప ఎక్కడా లేదని తెలిసే తీసేశాను, పరాయివాళ్ల పెళ్లి తీసేయడానికి మనకు హక్కు లేదు కదా. తిట్టాలనుకుంటే దానికి తిట్టు.

సాంసన్

*

సూర్యాపేట,
ఆదివారం

నా ప్రియమైన తమ్ముడికి,

ఉత్తరం అందిన రోజే రాయవలసింది, కోర్టు చుట్టూ తిరగడంతో సరిపోయింది. నెట్ వైరు పీకేసి, వేరే కంప్యూటర్‌కు తగిలించి, జ్యోత్స్న ముందర డిస్కు తెరిచాను. ఉంది. రాడ్డు, ట్రాక్టరు, అంతా ఉంది. రేణుకమ్మను బయట కూర్చోమంటే వినలేదు. చివరి దాకా రెప్ప వేయకుండా చూసి, "నా మొగణ్ని జంపింది వీడే" అని తెర మీద ఉమేష్ మొహాన్ని వేలితో పొడిచింది. తెర పగులుతుందేమో అనుకున్నాను. జడ్జి చూశాక కేసు హత్య కింద మారింది. ఉమేష్‌నూ, పారలు తిరగేసిన ఇద్దరినీ, సుత్తి దెబ్బలకు తోడొచ్చిన వాళ్లనూ నిన్న పట్టుకున్నారు. నీ షాపులో కూర్చున్నవాడు పారిపోతూ దొరికాడట. అందరికీ బేడీలు పడ్డాయి. అది చాలదు నాకు. ఆ ఉమేష్ చేయి కూడా ఒకసారి ఆ కౌంటర్ మీద పెట్టాలనిపిస్తుంది, పాపమని తెలిసినా అనిపిస్తుంది.

ఈ రోజు మీ బావ దవడ తీగ కొంచెం వదులు చేశారు. ముద్దముద్దగా మాట్లాడుతున్నాడు. నువ్వు రాసినదంతా చదివి వినిపించాను. లొంగిపోయాడనుకున్నానని నువ్వు రాసిన చోట కళ్లతోనే నవ్వాడు. నాకు అర్థం కాక, ఎట్లాగూ చెప్పేవాడివి మొదటి వేలికే చెప్పి ఉండకూడదా అని అరిచాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నెమ్మదిగా ఊపిరి పీల్చుకుంటూ చెప్పాడు.

"మొదట్నే చెప్తే సాంసన్ కాడికి పోయేటోళ్లు. అప్పటికింకా డిస్కు వాని చేతిలనే ఉంటది. గోడ మీద గడియారం సూసిన. మిర్యాలగూడ బస్సు కదిలే టైం కాలే."

డిస్కులో డ్రోన్ క్లిప్పులు వేయం కదా, వీడియో అందులో ఉందని నీకెట్లా తెలుసు, సాంసన్ దగ్గర ఫోన్ కూడా లేదు కదా అని అడిగాను.

"తెల్వదు," అన్నాడు. "వాడు ఏసి ఉంటడని నమ్మిన. బస్సు కదిలేదాకా నా ఏళ్లు సాల్తయా లేదా అని అదొక్కటే సూసుకున్న."

ఎడమచేతికి మూడు మిగిలాయిరా. వాటితోనే నా చేయి పట్టుకుని ఉన్నాడు. పెళ్లి వీడియో పోయిందంటే పోనీ అన్నాడు. ఆయన ఏడు వేళ్లు పెట్టి నిన్ను నమ్మాడు, నేను ఒక ఫోల్డరు మాయమైతే నువ్వు నా తమ్ముడివి కాదని రాశాను. ఆ ఉత్తరం చింపెయ్.

ఆ డిస్కు కోర్టులో ఉంది, శనివారం కొత్త డిస్కు పంపు. ఈసారి నువ్వే పట్టుకునిరా.

నిన్ను నమ్మలేకపోయిన నీ అక్క,
దీవెన