నీ బదులు నేను చెప్పిన జవాబులు

సుగుణా,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయి నేటికి ఏడాది. పక్షవాతంతో మాట పోయిన నీకు మళ్లీ మాటలు నేర్పిన మేడమ్, స్పీచ్ థెరపీ చదివే పిల్లలకి మన ఆలుమగల అనుభవం చెప్పమని నన్ను ఆసుపత్రికి పిలిచింది. బైబిలు చంకన పెట్టుకొని, చర్చిలో చెప్పినట్టే గంటసేపటి ప్రసంగం తయారుచేసుకొని వెళ్లేను.

ముందు ఆ పిల్లల్లో ఒక అమ్మాయి, బెల్లం లారీ మీంచి పడి తలకి దెబ్బ తగిలి మాట పడిపోయినాయన్ని అడిగింది. "మావయ్యా, పొద్దున్న ఏటి తిన్నారు?"

"ఇడ్లీ పెట్టేనమ్మా" అంది ఆయన భార్య.

"అత్తా, మీరు ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి" అని ఆ పిల్ల ఆగింది. అందరం ఆయన నోటికేసి చూసేం.

చివరికి ఆయన "బ... బజ్జీ" అన్నాడు.

"నాకు తెలీకుండా ఎప్పుడు తిన్నావయ్యా?" అని ఆవిడ మూతి తిప్పింది. పిల్లలు నవ్వేరు.

నేను నవ్వలేదు. ఇంటికొచ్చి ఎవరు నిన్ను పలకరించినా జవాబు నేనే చెప్పేవాణ్ణి. బైబిల్లో నోరు తిరగని ప్రవక్త తరఫున ఆయన అన్న మాట్లాడలేదా అని వాక్యం చూపించేవాణ్ణి.

తరవాత మేడమ్ నన్నడిగింది. "అయ్యగారూ, సుగుణమ్మగారు మీతో ఏం చెప్పాలని ఎక్కువ ప్రయత్నించేవారు?"

పిల్లలు పుస్తకాలు తెరిచేరు.

"తెలీదమ్మా. ఆవిడ చెప్పేదాకా నేనెప్పుడూ ఆగలేదు. అదే రాసుకోండి" అన్నాను.

వాళ్లు రాసుకున్నారు.