పాప కంట్లో తెల్లని మెరుపు

2016 ఆగస్టు, శ్రీకూర్మం

పసితనంలో కనుపాప తెల్లగా మెరుస్తోందని చూపిస్తే క్యాన్సర్ అని తేలి నా ఎడమ కన్ను తీసేశారు. ఇప్పుడున్నది గాజుకన్ను. ఈరోజు విశాఖలో పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చాను. జన్యువులో మార్పు ఆ కంటి కణాల్లోనే జరిగి ఉంటే నాతోనే పోతుందట, వీర్యకణాల్లోనూ ఉంటే పిల్లలకు రావచ్చట. డాక్టరు అలా చెప్పారు.

"ఆ పీడ నీ కంటితోనే పోనాది, బెంగెట్టుకోకు," అంది అమ్మ.

సాయంత్రం నా భార్య గౌరి మా మూడు నెలల పాపకు ఫోన్లో ఫ్లాష్ వేసి ఫొటో తీసింది.

"బావా, ఇటు సూడు. దీని కన్నొకటి పిల్లి కన్నులా మెరుస్తన్నాది," అని నవ్వింది.

ఫ్లాష్ వెలుగేనన్నాను. మళ్ళీ తీయించాను. మళ్ళీ అదే కన్ను తెల్లగా మెరిసింది. గౌరి నవ్వు ఆపి నా ముఖం వంక చూసింది.

తెల్లారగానే పాపతో విశాఖ వెళ్తాం. అది ఇంకా నిద్రపోలేదు, ట్యూబులైటు వైపే చూస్తోంది. నేను దాని ముఖంలోకి చూడలేకపోతున్నాను.