అక్క చేతిలో కాగితం ఉండాలి

పాత కాగితాలతో బుట్టలు అల్లి బతికే నేను, ఈ ఇంటి పై వాటాకు ఏకైక హక్కుదారును, బుద్ధి నిలకడగా ఉండగానే, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టప్రకారం నా చేత్తోనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఇదివరకు రాసినది ఏదీ లేదు.

ఎల్లుండి పెద్దాసుపత్రిలో నా గుండెకు కోత. "భయపడాల్సిందేం లేదమ్మా" అని డాక్టరు రెండుసార్లు అన్నాడు. రెండోసారి నా మొహం చూడకుండా అన్నాడు. ఆ మాట విని ఇవాళ్టికి నాలుగు రోజులు. చావంటే లెక్కలేదని గొప్పలకు పోను, చచ్చేంత భయంగా ఉంది. కానీ నాకంటే మా అక్క గురించే ఎక్కువ భయం.

1. ఈ పై వాటా, అందులోని సామానుతో సహా, నా తదనంతరం నా తమ్ముడి భార్యకు సర్వహక్కులతో చెందవలసినది. తమ్ముడికి కాదు. ఇది చదివి వాడు మూతి ముడుచుకుంటాడు, ముడుచుకోనీ. షరతు ఒక్కటే. మా అక్క బతికున్నంతకాలం ఈ ఇంట్లోనే, కిటికీ ఉన్న గదిలోనే ఉండాలి. అక్కకు మతిమరుపు జబ్బు. నేను చెల్లెలినన్న సంగతి కూడా ఒక్కోరోజు ఆమెకు గుర్తుండదు. చేతులు మాత్రం నేర్చిన పనిని మరిచిపోలేదు.

2. ఆ పని ఏమిటో మరదలికి తెలియాలి కనుక రాస్తున్నాను. పాత వార్తాపత్రికను నాలుగు ముక్కలు చేసి, ఒక మూల మీద అల్లిక సూది పెట్టి దొర్లిస్తే సన్నటి గొట్టం అవుతుంది. అక్క గొట్టాలు చుడుతుంది, నేను వాటితో బుట్టలు, దీపాల గొడుగులు అల్లుతాను. చేతిలో కాగితం ఉన్నంతసేపు ఆమె కుదురుగా కూర్చుంటుంది. కాగితం అయిపోయిందా, లేచి చెప్పులైనా వేసుకోకుండా గుమ్మం దాటేస్తుంది. ఆమె చుట్టే వేగానికి ఊరి పేపర్లన్నీ తెచ్చినా చాలవు. అందుకే మధ్యాహ్నం ఆమె కునుకు తీసేటప్పుడు సగం గొట్టాలు విప్పి, తడిగుడ్డతో సాపు చేసి, పరుపు కింద అదిమి, మళ్ళీ దొంతరలో పెడతాను. విప్పుతుండగా ఆమె కంట పడకూడదు, తన పని పాడుచేశారని బెంగపెట్టుకుంటుంది. మరదలా, ఇక ఈ పని నీది.

నున్నటి రంగుల కాగితం ఇవ్వవద్దు, సూది మీద జారిపోతుంది, ఆమెకు కోపం వస్తుంది. పెద్ద పెద్ద మొహాలు అచ్చయిన కాగితాన్ని ఆమె చుట్టదు. ఒళ్ళో పెట్టుకుని చేత్తో నిమిరి, "అన్నం తిన్నావా?" అని అడుగుతుంది. నవ్వవద్దు. తిన్నానని ఎవరో ఒకరు జవాబు చెబితే చాలు.

3. తమ్ముడికి ఇల్లు ఎందుకు ఇవ్వలేదో చెప్పకపోతే లోకం నన్నే ఆడిపోసుకుంటుంది. వాడు చెడ్డవాడు కాడు. శుభ్రం వాడి జబ్బు. పోయిన వేసవిలో నేను పరీక్షలకని ఆసుపత్రికి వెళ్ళినప్పుడు వాడు అక్కకు కాపలా ఉన్నాడు. నాకు సాయం చేద్దామని, ఇంట్లో ఉన్న పేపర్లు, అట్టపెట్టెలు, అక్క చుట్టిన గొట్టాలు, ఆరబెట్టిన బుట్టలు అన్నీ మూటకట్టి పాత సామాన్లవాడికి వేసేశాడు. నేల కూడా కడిగాడు! వాడు బకెట్టు పారబోసి వచ్చేసరికి అక్క లేదు. నేను తిరిగొచ్చి ఖాళీ గది చూశాక నా పై ప్రాణాలు పైనే పోయాయి. కింద వాటాలో ఉండే బస్సు డ్రైవరు ఆమెను డిపో వెనక, బస్సులు వెనక్కి తిప్పే చోట చూసి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమె అక్కడ నేల మీద పడిన టికెట్లు ఏరి చుట్టుకుంటోందట. ఇప్పటికీ బస్సు హారన్ వినపడితే చేతిలో పని వదిలి అక్క గదిలోకి తొంగిచూస్తాను.

4. గది సంగతి. ఇల్లంతా కాగితమే కనుక అగ్గిపెట్టె వంటగది గడప దాటకూడదు. తమ్ముడు సిగరెట్టు మేడ మెట్ల మీద కాల్చుకోవాలి. మైదా జిగురు ఏ రోజుకారోజు కాచుకోవాలి, నిలవ ఉంటే పురుగు పడుతుంది. కత్తెరలు అక్కకు అందకూడదు. అవి మూడూ మా మేనకోడలికి ఇస్తున్నాను. గుడ్ల అట్టలతో నేను చేసిన పువ్వులను చిన్నప్పుడు నిజమని వాసన చూసింది అదొక్కతే.

5. మందుల డబ్బాల అట్టతో చేసిన గోడ గడియారం పక్కింటి దర్జీకి. పది నిమిషాలు వెనక నడుస్తుంది, ఆయన కుట్టి ఇచ్చే జాకెట్ల కంటే నయమే. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆయనదే. కొలత తప్పితే మొహమాటం లేకుండా విప్పేసే మనిషి. నెలకోసారి వచ్చి అక్క గది చూడాలి. మరదలు గానీ తమ్ముడు గానీ ఆమెను ఏదైనా ఆశ్రమంలో చేర్చే మాట ఎత్తితే, ఒకటో అంశం రద్దయి ఇల్లు ఆయన చేతిలోకి వస్తుంది, అక్క కోసమే వాడాలి. సాక్షులకు ఏమీ రాయకూడదని వకీలు చెప్పాడు, వాళ్ళు నన్ను క్షమించాలి.

6. తమ్ముడికి నేను రాసిస్తున్నది ఒక్క అబద్ధం. మా అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. అమ్మ ఏదని అక్క అడిగినప్పుడల్లా, అబద్ధం తనకు చేతకాదంటూ, వాడు పోయిందనే చెబుతాడు. ఆమెకు ప్రతిసారీ అది కొత్త చావే. ప్రతిసారీ మొదటిసారి ఏడ్చినట్టే ఏడుస్తుంది. నేను తిరిగి రాకపోతే నా గురించీ అడుగుతుంది. తమ్ముడూ, బజారుకు వెళ్ళింది, వచ్చేస్తుందని చెప్పరా. మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పు. పాపమేదైనా ఉంటే నా ఖాతాలో వేసుకుంటాను. ఒక్కటే జాగ్రత్త. చెప్పేటప్పుడు నీ గొంతు వణకకూడదు. అక్కకు మాటలు గుర్తుండవు గానీ, గొంతులో భయం ఉంటే ఇట్టే కనిపెట్టేస్తుంది. అందుకే ఈ నాలుగు రోజులుగా ఆమె దగ్గర నేను నవ్వుతూనే ఉన్నాను.

పైన రాసినదంతా చదువుకుని, సరే అనుకుని, సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

పదకొండో తేదీ, మంగళవారం, మధ్యాహ్నం, అక్క నిద్రపోతుండగా.

(సంతకం) బుట్టలావిడ

సాక్షులు:
1. మందుల షాపావిడ
2. కింద వాటా బస్సు డ్రైవరు