కుడి చేతి మేకు

మార్చి 9, 1964
పాలెన్సియా పట్నం నుంచి ఒకావిడ వచ్చింది. పేరు లేయొనోర్, పాత కొయ్య విగ్రహాలు పరీక్షించే పని. మా గుడిలో సిలువ మీది కొయ్య క్రీస్తును చూసి రాసుకోవాలట. నిచ్చెన పట్టుకున్నాను.

మార్చి 10
ఆవిడ చూస్తూ పైకే చెప్పుకుంటుంది. శిల్పి పక్కటెముకలు దువ్వెన పళ్ళలా చెక్కాడట, నిజం మనిషికి అలా ఉండవట. పొట్ట వీపుకి అంటుకుంది. నోరు కాస్త తెరిచి ఉంది, పై పళ్ళు కనబడతాయి. ఎదురుగా చూస్తే చచ్చిపోయినవాడే. కింద కుడిపక్కన నిలబడితే మాత్రం ఒక కన్ను సగం తెరిచి ఉంది. గుడ్ ఫ్రైడే నాడు ఆయన్ని సిలువ నుంచి దించుతాం కదా, కింద పట్టుకునేవాడి కోసమే అలా చెక్కి ఉంటాడంది.

అది మా తమ్ముడు ఔదెన్సియో నిలబడే చోటు. ఇన్నేళ్ళలో వాడు ఈ మాట చెప్పలేదు. అడిగాను. "నన్నే చూస్తాడన్నా, నేను కళ్ళు మూసేసుకుంటా" అన్నాడు.

మార్చి 12
మేకులు తీశాక ఆయన చేతులు వంగేది భుజాల దగ్గరి తోలు కీళ్ళ మీద. ఆవిడ వేలితో నొక్కింది. వాసన చూసింది. మెల్లగా దిగింది. నూనె తోలును తినేసిందట. ఏటా గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారానికి ఒక రోజు ముందు ఊరంతా వచ్చి ఆయన భుజాలకు నూనె రాస్తారు, నొప్పి తగ్గాలని. తాతల నాటి నుంచీ అంతే.

ఈ ఏడు దించొద్దంది. చెయ్యి ఊడితే ఒళ్ళు కిందివాడి మీద పడుతుంది. వాడి మెడ విరుగుతుంది.

మార్చి 15
గుడి సంఘం కూర్చుంది. సంఘం పెద్ద గౌదియోసో నవ్వాడు. "యుద్ధంలో దించాం, మంచులో దించాం. పట్నం పిల్ల వద్దందని ఆయన్ని మేకులకే వదిలేస్తామా? మీ అమ్మనైతే వదిలేస్తారా?" అన్నాడు. ఔదెన్సియో అందుకుని, "నా మెడ మీద నా పెళ్ళానికే ఇంత బెంగ లేదు" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. వద్దని చెప్పడానికి నేను చెయ్యెత్తాను. ఎవరూ చూడలేదు.

మార్చి 21
తోలు బాగోలేదని ఇప్పుడు ఊరందరికీ తెలుసు. అందుకని రెండింతలు నూనె రాశారు. పాదాల నుంచి నేల మీదికి కారుతోంది. లేయొనోర్ చూసింది. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది.

మార్చి 24
"నువ్వు మనిషివేనా? నోరుందా లేదా? పోయి ఫాదర్‌తో చెప్పు" అని ప్రిమితివా తరిమింది. నా భార్యకి కోపం వస్తే ఇంట్లో ఉండలేను. వెళ్ళాను. "ఏం ఎవుతిమియో?" అన్నారు ఫాదర్. కొవ్వొత్తులు సరిపోతాయా అని అడిగి వచ్చేశాను.

మార్చి 26
వెల్లుల్లి చారు గిన్నె నిండా అలాగే వదిలేసి పడుకున్నాను.

మార్చి 27, గుడ్ ఫ్రైడే
తమ్ముడి కంటే ముందే వెళ్ళి వాడి చోట నిలబడ్డాను. "ఇదేం పనన్నా, జరుగు, జనం చూస్తున్నారు" అని వాడు పళ్ళు కొరికాడు. జరగలేదు. ప్రసంగం మొదలైంది.

కుడి చేతి మేకు తీయండన్నారు ఫాదర్. తీశారు. చెయ్యి వంగలేదు. నిచ్చెన మీదివాడి చేతుల్లోకి ఊడి వచ్చేసింది. ఎడమ తోలు కూడా పర్రున చిరిగింది. ఒళ్ళంతా నా మీదికి వచ్చింది.

భుజం దగ్గర చప్పుడైంది. నాదో ఆయనదో తెలియలేదు. పట్టుకున్నాను. ఆయన చెంప నా చెంపకి ఆనింది. నేను కళ్ళు మూసుకోలేదు.

మార్చి 30
ఇది ఎడమ చేతి రాత. కుడిది లేవడం లేదు.

పొద్దుటి నుంచీ మా గడప ముందు జనం నూనె గిన్నెలతో మోకాళ్ళ మీద ఉన్నారు. తమ్ముడూ వాళ్ళలోనే ఉన్నాడు. నేను బతికే ఉన్నానని చెప్పమని ప్రిమితివాని పంపాను. చెప్పిందట. ఎవరూ లేవలేదు.