జోజప్పగారి చెయ్యి

నంద్యాల, మార్చి 3

నా బంగారు తమ్ముడు ఇస్సాకుకు,

ఫోను చేస్తే నువ్వు స్పీకరులో పెడతావు, ఆళ్లగడ్డంతా వింటుంది. అందుకే రాస్తున్నాను. జోజప్పగారి స్వరూపం నీతో పంపి ఇరవై రోజులైంది. పంతొమ్మిదిన ఆయన పండగ, ఫాదరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేస్తారు. విరిగిన చెయ్యి అతికించి రంగు వేయడానికి ఇన్ని రోజులా? బస్సులో ఒళ్లో పెట్టుకున్నావా, కాళ్ల కింద పెట్టావా, అదీ చెప్పలేదు.

నిన్న నేనే మీ ఊరి శిల్పి రంగయ్యకు ఫోను చేశాను. "పెద్దమ్మా, విరిగిన విగ్రహాన్ని మేం బాగుచేయం. నీళ్లలో కలిపేస్తాం. నీకు రాతిలో కొత్తది చెక్కిస్తాలే" అన్నాడు. "వద్దప్పా. అది మా ఆయన వేపకొయ్యలో చెక్కింది. ఏసయ్యను సాకిన మా జోజప్పకు ఆ పట్టింపు లేదు, ఆయనే వడ్రంగి" అన్నాను. "అట్లయితే చేస్తా. ఎట్ల విరిగిందో మాత్రం నిజం చెప్పాల. చెదలంటాండావ్, నాకు యాడా కనపడలే" అన్నాడు.

ఇస్సాకూ, చెదలు కాదు. అందరికీ అబద్ధం చెప్పాను. మంచి మరణానికి ఆయనే దిక్కంటారు కదా, మీ బావకు అది ఇవ్వమని ఏడేళ్లు ప్రతి బుధవారం జోజప్పను అడుక్కున్నాను. చివరికేమైంది? నేను చీటీ కోసం ఆసుపత్రి వరసలో నిలబడి ఉంటే ఆయన ఒక్కడే బల్ల మీద పోయాడు. సమాధి చేసి వచ్చిన రోజే స్వరూపాన్ని గోడకు విసిరికొట్టాను. నువ్వే పోయి రంగయ్యకు చెప్పు, నాకు నోరు రాదు. మీ ఆవిడకు చెప్పావో, ఊరుకోను.

దిగులుతో నీ అక్క,
లూర్దమ్మ

నంద్యాల, మార్చి 20

ఇస్సాకు నాయనా,

స్వరూపం అందింది. చుట్టిన పంచె ఉతికిందేనా?

చెయ్యి అతికించే ముందు రంగయ్య ఫోను చేశాడు. "పెద్దమ్మా, నువ్వు విరగ్గొట్టింది రెండోసారి. కొయ్య లోపల వెదురు మేకు ఉండాది, పాత బంక ఉండాది. ఎవరో పని తెలిసినోడు ముందే ఒకసారి అతికిచ్చినాడు."

మా ఇంట్లో పని తెలిసినవాడు ఒక్కడే. నా మొదటి కాన్పులో బిడ్డ పోయిన ఏడాది, నేను అమ్మ దగ్గర నుంచి తిరిగొచ్చేసరికి జోజప్పకు కొత్త రంగు వేసి ఉంది. పండక్కి వేశానన్నాడు. వానాకాలంలో ఏం పండగని నాకు తట్టనే లేదు. ఆ తర్వాత నలభై ఏళ్లు పక్కనున్న మనిషి, తనూ విరగ్గొట్టానని ఒక్క మాట చెప్పలేదు. ఎదురుగా ఉంటే కడిగేసేదాన్ని. ఆ మేకు తీయొద్దని రంగయ్యకు చెప్పాను.

నిన్న ఫాదరుగారు వచ్చి, "చెదలు పోయాయా అమ్మా?" అన్నారు.

"చెదలు కాదు ఫాదర్. ఈయన మా ఆలుమగలిద్దరి కోపమూ భరించాడు" అన్నాను.

నీ అక్క,
లూర్దమ్మ