చుక్కాని దగ్గర కూర్చునే హక్కు

ముత్తుకూరు కాపురస్తుడూ, మరపడవల ఇంజన్లు బాగుచేస్తూ నలభై ఏళ్ళు నూనెలో బతికినవాడూ, కీర్తిశేషులు అబ్రహాము గారి పెద్ద కుమారుడూ అయిన సమాధానం అనే నేను, వయసు అరవై ఏడు, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వస్థచిత్తంతో రాయించుకుంటున్న వీలునామా ఇది. గుండె మాత్రం స్వస్థంగా లేదు. బుద్ధి బాగానే పనిచేస్తోంది. అసూయ అంతకంటే బాగా పనిచేస్తోంది. అసూయ ఉన్నవాడి వీలునామా చెల్లదని చట్టంలో ఎక్కడా లేదట, దస్తావేజు లేఖరి గారిని అడిగి తెలుసుకునే మొదలుపెట్టాను.

పోయిన నెలలో రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. పడవను ముక్కలు కోయించి అమ్మేయమని అందులో రాశాను. ఎందుకు రాశానో కింద చెబుతాను.

1. ముత్తుకూరులోని ఇల్లు నా భార్య పుష్పకుమారికి, ఆమె తర్వాత మా కూతురు మెర్లిన్‌కు. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా మెర్లిన్‌దే.

2. నా స్పానర్లూ పనిముట్లూ మెర్లిన్‌కే. అల్లుడికి కాదు. అతను బల్బు మార్చాలన్నా మనిషిని పిలుస్తాడు.

3. నా పడవ మునుగుతుందని పదిమందిలో అన్న మా తమ్ముడు రూఫస్‌కు ఒక లైఫ్ జాకెట్. కొత్తదే. వాడి నోటికి అదే తగిన సన్మానం.

4. ఇక పడవ. ఫైబరుది, ఇరవై ఎనిమిది అడుగులు, రేకు కప్పు, గ్యాసు పొయ్యి, రెండు మంచినీళ్ళ డ్రమ్ములు, ఒక పరుపు. నిరుడు జనవరిలో దీని మీద నేనూ పుష్పా కాపురం పెట్టి పద్నాలుగు నెలలు ఉన్నాం. పుష్ప పుట్టిల్లు నిజాంపట్నం. పులికాట్ సరస్సులో బయలుదేరి, బకింగ్‌హాం కాలువ మీదుగా కృష్ణపట్నం చేరి, అక్కడ సముద్రంలోకి దిగి, తీరం వెంబడే పుట్టింటి రేవుకు పోవాలని ఆమె కోరిక. పెళ్ళయిన ముప్పై తొమ్మిదేళ్ళలో నోరు తెరిచి నన్ను అడిగింది ఇదొక్కటే.

తొందరపడలేదు. నచ్చిన చోట లంగరు వేసి వారాల తరబడి ఉండేవాళ్ళం. శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజున పడవలు కదలకూడదంటే, కట్టేసుకుని కప్పు మీద కూర్చుని చూసేవాళ్ళం. అంత సుఖం నేను ఎప్పుడూ పడలేదు.

దుగరాజపట్నం దాటాక కాలువలో ఒక ఆదివారం వచ్చింది. ఆదివారం ప్రయాణం చేయనని భీష్మించాను. ఆ పొద్దున పున్నమి పోటుకు కాలువ నిండా నీళ్ళు. “ఇప్పుడు కదలకపోతే బురదలో కూర్చుంటాం. ప్రార్థన పోతా పోతా చేసుకుందాం” అని పుష్ప ఎంత చెప్పినా వినక కీర్తనల పుస్తకం తెరిచాను. సోమవారానికి నీళ్ళు దిగిపోయి పడవ బురదలో కూరుకుపోయింది. ఆ ఒక్క ఆరాధన వల్లే పెంచలప్రసాద్ మా బతుకులోకి వచ్చాడు.

5. పెంచలప్రసాద్ వాకాడు వైపు రైతు, వయసు యాభై ఆరు, పెళ్ళాం పోయినవాడు. గట్టు పక్కనే అతని వరిపొలం. “మీరు పక్కన కూర్చోండక్కా. ఇది నాట్లేసే బురదే, దీని సంగతి నాకు తెలుసు” అని ట్రాక్టరుకు తాడు కట్టి పడవను లాగేశాడు. సముద్రం దగ్గరగా చూడలేదు, ఒక్కపూట వస్తానని ఎక్కాడు. పదకొండు రోజులు దిగలేదు.

పుష్ప అతనికి చుక్కాని పట్టడం నేర్పింది. పళ్ళేలు కడుక్కునే చోట కూర్చుని ఇద్దరూ ఒకటే నవ్వులు. చేపల పులుసు నోట్లో పెట్టుకుని “మామిడికాయ ఏసినావా అక్కా?” అన్నాడు. ముప్పై తొమ్మిదేళ్ళు ఆ పులుసు తిని నేను ఒక్కసారీ అడగలేదు. తప్పే, ఒప్పుకుంటాను. కానీ అడగడానికి అతనెవడు? అక్కా అని పిలిచినంత మాత్రాన నా కడుపుమంట చల్లారలేదు. గట్టిగా నవ్వితే పుష్పకు ఎడమ పక్క పన్ను కనబడుతుంది. అది నేను చూసింది ఆ పడవ మీదే, అదీ అతని మాటకు నవ్వినప్పుడు.

6. కృష్ణపట్నం ఇంకో గంట ఉందనగా నాకు గుండెపోటు వచ్చింది. పుష్ప నా తల ఒళ్ళో పెట్టుకుంది. పెంచలప్రసాద్ చుక్కాని పట్టి, చెమటలు కక్కుతూ రేవుకు చేర్చాడు. నన్ను బతికించాడు. సంతోషం. కానీ పరుపు మీద నుంచి చూస్తే నా చోట ఎంత నిబ్బరంగా కూర్చున్నాడో కనబడింది. నేను లేకపోయినా ఈ పడవ పోతుందని అప్పుడే అర్థమైంది. సముద్రం మాట ఇక మరిచిపొమ్మని డాక్టరు చెప్పాడు. పుష్ప మాత్రం రేవులో కట్టేసిన పడవను వారం వారం పోయి కడిగి వస్తోంది. నేను లేకుండా అది వాళ్ళిద్దరితో పోకూడదనే పడవను కోయించమని రాశాను.

7. ఇది నా నేరం, దాచను. సాక్షి సంతకం పెట్టినవాడికి ఆ వీలునామాలో ఏమి రాసినా దక్కదని లేఖరి గారు మాటల్లో చెప్పారు. దాంతో నాకు ఒక పన్నాగం తోచింది. నిజాంపట్నం దాకా పడవ నడిపే హక్కు పెంచలప్రసాద్‌కు రాసి, సాక్షి సంతకం కూడా అతని చేతే పెట్టించాలి. పుష్ప కళ్ళకు నేను దొడ్డవాణ్ణి అవుతాను, అతనికి ఏమీ దక్కదు.

ఈ పొద్దున కబురు పెడితే బియ్యం మూట భుజాన వేసుకుని బస్సు దిగి వచ్చాడు. చదువుకోమని లేఖరి గారు కాగితం ఇచ్చారు. “అన్న రాసినదాన్ని నేను చదివేదేంది సార్? సంతకం యాడ పెట్టాలో చూపించండి” అని పెన్ను తీశాడు. ఆమీదట నా వైపు తిరిగి, “వారానికి రెండుసార్లు జాలరోళ్ళతో సముద్రంలోకి పోతా ఉండానన్నా. అలలు కొంచెం అలవాటైనాయి. నువ్వు లేచినాక ముగ్గురం పోదాం” అన్నాడు.

ఛీ, ఏం బతుకు నాది! అతని చేతిలో పెన్ను లాక్కున్నాను.

8. కాబట్టి ఏ షరతూ లేకుండా పడవ పుష్పకుమారిది. నిజాంపట్నం దాకా దాన్ని నడిపే హక్కు పెంచలప్రసాద్‌ది. సాక్షుల్లో అతని పేరు కొట్టివేయించాను, ఇప్పుడు ఆ హక్కును ఎవరూ కాదనలేరు. నేను పోయాక, ఫిబ్రవరిలో సముద్రం నెమ్మదిస్తుంది, అప్పుడు బయలుదేరండి. ఊళ్ళో ఎవరైనా ఏమైనా అంటే ఈ కాగితం చూపించండి.

నాకు అసూయ పోయిందని ఎవరూ అనుకోవద్దు. చావంటే భయం లేదు. పుట్టింటి రేవు కనబడే పూట పుష్ప పక్కన ఉండేది అతను, నేను కాదు. అదొక్కటే తట్టుకోలేకపోతున్నాను. ఆ పూటను అతనికి రాసి ఇస్తున్నాను. నాకున్న ఆస్తిలో అదే పెద్దది.

ముత్తుకూరు, 2025 నవంబరు 18.

(సంతకం) ఎ. సమాధానం

సాక్షులు:
1. హెబ్రోను, సంఘ పెద్ద
2. పెంచలప్రసాద్ (కొట్టివేయడమైనది – స.)
3. రెబెక్కమ్మ, పక్కింటి కాపురస్తురాలు