బస్సులు తిరిగేదాకా

కోరుట్ల దగ్గరి పల్లె నుంచి,
26 సెప్టెంబరు 2011, సోమవారం.

బిడ్డ సమ్మక్కకు,

యేసుప్రభువు పేరట నీకు శుభములు. నువ్వు వేములవాడ రాజన్న పేరట తిరిగి పంపినా పుచ్చుకుంటాను. ఈ వయసులో శుభం ఏ దిక్కు నుంచి వచ్చినా వద్దనను. ఇక్కడ నేను, నీ ఇద్దరు పిల్లలు క్షేమం.

నీ దగ్గు పూర్తిగా పోయిందనీ, దవాఖాన వాళ్లు సిరిసిల్లకు, నీ ఇంటికి పంపేశారనీ మా ఊరి జానీమియా తెచ్చిన చీటీలో చదివాను. వెంటనే మోకాళ్ల మీద కూర్చొని ప్రార్థన చేశాను. లేవడానికి మాత్రం నీ పెద్దది మానస చెయ్యి పట్టుకోవలసి వచ్చింది.

చీటీ నిండా తప్పులే. ఏడో తరగతిలో నేను చెప్పిన తెలుగంతా మీ మరమగ్గాల, అదే సాంచెల చప్పుడులో కొట్టుకుపోయినట్టుంది. అయినా ఒక్క వాక్యం తప్పు లేకుండా రాశావు: "నా పిల్లలను తోలుకపోత." అది మూడుసార్లు చదివాను.

ఎట్లా తోలుకపోతావు చెప్పు? బస్సులు బందై వారమైంది. సకల జనుల సమ్మె అని బడులు, ఆఫీసులు, బస్సులు అన్నీ ఎక్కడివక్కడ ఆగాయి. మొన్న రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, వచ్చినవాళ్లందరికీ వడ్డించారు. నేను కూడా పిల్లలను తీసుకుపోయి తిన్నాను. అన్నం కొంచెం మెత్తనైంది కానీ, ఉద్యమంలో ఉప్పు తక్కువని అనకూడదు. అరవై తొమ్మిదిలో ఇదే తెలంగాణ కోసం నా కాలేజీ చదువు ఒక ఏడాది పోయింది. ఇప్పుడు మానస ఒకటో తరగతి పోతోంది. రాష్ట్రం వచ్చేసరికి మా ఇంట్లో చదువుకున్నవాళ్లు మిగలరేమో.

ఏడాది అంటే గుర్తొచ్చింది. పోయినేడు ఇదే రోజుల్లో మా ప్రభుదాస్, కోడలు శైలజ ఈ ఇల్లు కిరాయికి తీసుకున్నారు. పల్లెలో ఏడాది ఉండాలి, మేకను పెంచాలి, బీరపాదు పెట్టాలి, తల్లి నీడ దొరకని చిన్నపిల్లలను దేవుని పేరట సాకాలి. ఇవన్నీ శైలజ కాగితం మీద వరుసగా రాసుకుంది. నువ్వు జబ్బుపడ్డావనీ, నీ పెనిమిటి జలపతి భివండి సాంచెల మీదికి పోయాడనీ విని నీ పిల్లల పేర్లు నేనే చెప్పాను. బీరపాదును మేక తిన్నది. జూన్‌లో శైలజకు జగిత్యాలలో నర్సు ఉద్యోగం దొరికింది, మొగుడూ పెళ్లాలు అటు పోయారు. పల్లె మీద ప్రేమ అలాగే ఉంది, ఆదివారాలు వచ్చేది. ఇప్పుడు బస్సుల్లేక ప్రేమ కూడా రావడం లేదు.

పిల్లలు నీ దగ్గరికి పోగానే నన్నూ జగిత్యాలకు తీసుకుపోతారట. రెండు గదులు. నా మంచం ఏ మూలన పడుతుందో శైలజ టేపు పెట్టి కొలిచింది కూడా. మంచి పిల్ల. కొలిచేటప్పుడు నన్ను పక్కకు జరగమంది.

కాబట్టి తొందరపడకు. బస్సులు తిరిగిన నాడు, మొదటి బస్సులో నేనే తెచ్చి నీ గడపలో దింపుతాను. ఇది పంతులమ్మ మాట.

నీ పంతులమ్మ,
రాహేలు

తా.క. ఫోన్ చేయకు. కరెంటు కోతలకు నా సెల్లు ఎప్పుడూ చచ్చే ఉంటోంది. జానీమియా వారం వారం టవళ్లు కొనడానికి మోపెడ్ మీద మీ ఊరికి వస్తున్నాడు కదా. ఉత్తరాలు అతనికే ఇద్దాం.


22 అక్టోబరు 2011, శనివారం.

బిడ్డ సమ్మక్కకు,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. మేమంతా బాగున్నాం. నీ రెండో చీటీ పోయిన వారమే అందింది. ఈసారి రెండు ప్రశ్నలు పంపావు. బస్సులు ఎప్పుడు నడుస్తాయని ఒకటి, నీ చిన్నది గంగ నిన్ను గుర్తుపడుతుందా అని ఒకటి.

మొదటిదానికి జవాబు: సమ్మె ఇంకా అయిపోలేదు.

రెండోదానికి ముందు బతుకమ్మ సంగతి చెబుతాను. మానస తంగేడు పువ్వు, గునుగు పువ్వు ఒళ్లో నింపుకొని వచ్చి, పేర్చమని కూర్చుంది. నా జన్మలో నేను పేర్చలేదు. చర్చిలో కోతకాల పండుగకు బల్ల మీద పూలు పెట్టడమే నాకు తెలుసు. అట్లాగే చెంబులో నీళ్లు పోసి, కాడలు కిందికి గుచ్చి, అందంగా సర్ది చూపించాను. అది నడుం మీద చేతులు పెట్టుకొని, "గిది బతుకమ్మ కాదు, చెంబుల చెట్టు. మా అమ్మ గిట్ల చెయ్యది" అంది. ముప్పై ఏళ్లు బడిలో నేను అందరి తప్పులూ దిద్దాను. ఐదేళ్ల పిల్ల నా ముందు తాంబాలం పెట్టి, వరుస వరుస నాచేత దిద్దించింది. పొరుగు ఆడవాళ్లతో పాటు మమ్మల్నీ వాగు దాకా తోలుకపోయింది. అక్కడి పాటలు విన్న రోజు నుంచి మా ఇంట్లో ప్రార్థన "ఆమేన్ ఉయ్యాలో" అని ముగుస్తోంది. దిద్దలేదు. దేవుడికి ఇక్కడి భాష వచ్చే ఉంటుంది.

మానస నిన్ను మరచిపోలేదు. నీ జడ ఎంత పొడుగో రోజుకొక కొలత చెబుతుంది.

గంగ సంగతి వేరు. వచ్చినప్పుడు ఏడాదిన్నర పిల్ల. దానితో పాటు నువ్వు కట్టి విడిచిన చీర ఒకటి పంపావు, గుర్తుందా? నేను చదువుకున్నదాన్ని కదా. నీ దగ్గు గుర్తొచ్చి, వచ్చిన రోజే ఆ చీరను గిన్నెలో వేసి ఉడకబెట్టి, డెట్టాల్‌లో జాడించి, ఎండలో ఆరేశాను. గంగ దాన్ని ముఖానికి ఆనించుకొని, వాసన పీల్చి, తీసి చూసి, మళ్లీ ఆనించుకుంది. తరువాత మూడు రోజులు ఏడ్చింది. అప్పుడు అర్థమైంది నేను ఏం ఉడకబెట్టానో. నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు.

ఇప్పుడది నా కొంగు పట్టుకొని తిరుగుతోంది. అమ్మమ్మ అని పిలవడం నేర్పాను. సగం పలికి ఆపుతుంది. మిగతా సగం పలికించడానికి నేను పెద్దగా కష్టపడలేదనే చెప్పాలి.

గుర్తుపడుతుందా అంటే, నాకు తెలియదు బిడ్డా. కొన్నాళ్లు ఆగు. నువ్వూ కొంచెం బలం పుంజుకో. పొద్దున గుడ్డు తిను.

నీ పంతులమ్మ,
రాహేలు

తా.క. పై ఉత్తరం మడిచి జానీమియాకు ఇచ్చాను. అతడు తీసుకోలేదు. మోపెడ్ మీద కూర్చొనే, "గీ చీటి నా బండి మీద ఎందుకు టీచరమ్మా, మీరే పోరాదుండ్రి" అన్నాడు. అప్పుడే మా గేటు ముందు నుంచి మీ దిక్కు పోయే వేములవాడ బస్సు పోయింది.

"గా బస్సు మీకు కనవడ్తలేదా?"

కంట్లో పొర వచ్చింది, డాక్టర్‌కు చూపించుకోవాలన్నాను.

"గంగకైతే కనవడ్డది" అన్నాడు. గంగ గేటు పట్టుకొని చెయ్యి ఊపుతోంది. "రోజు ఊపుతనే ఉన్నది. గా సమ్మక్క నన్ను అడుగుతె నేనేం చెప్పాలె? మీరు రాస్తరా, నన్ను చెప్పుమంటరా?"

నేనే రాస్తానన్నాను. అందుకే ఈ నాలుగు ముక్కలు. అతడు బయట నిలబడే ఉన్నాడు.

సమ్మె అయిపోలేదని రాసింది నిజమే. కానీ బస్సులు తిరగబట్టి వారం కావస్తోంది. మొదటి బస్సు పోయిన రోజు పిల్లలకు స్నానం చేయించి, మంచి గౌన్లు వేసి, మళ్లీ విప్పి మడత పెట్టాను. సెల్లుకు చార్జింగ్ కూడా ఉంది. ఫోన్‌లో మాట్లాడితే నీకు హారన్ వినబడుతుందని చేయలేదు. ఉత్తరంలో హారన్ వినబడదు.

తిట్టాలంటే ఎదురుగా తిట్టు, కూర్చొని వింటాను. సోమవారం పొద్దున మొదటి బస్సుకు ముగ్గురం బయల్దేరుతున్నాం. తిరుగు టికెట్టు ఒకటే తీసుకుంటాను.

నువ్వు ఒక్క పని చెయ్యి. ఇప్పుడు ఒంటి మీద ఉన్న చీర సోమవారం దాకా ఉతకకు.